కొనే చేతికీ చదువు కావాలి
(జె.సి. కుమారప్ప స్మృతికి సమర్పించిన ఉపన్యాస పాఠం)

కోకో తాగే మనిషికీ, ఆ గింజ పండించిన కూలీకీ సంబంధం ఏమిటి? 1930లలో జె.సి. కుమారప్ప ‘వై ది విలేజ్ మూవ్‌మెంట్?’ అనే పుస్తకంలో ఈ లెక్క తీశారు. ఆ రోజుల్లో గింజ పశ్చిమాఫ్రికా తోటల నుంచి వచ్చేది. అక్కడ కూలీల చేత బలవంతాన పని చేయించేవారు అంటారాయన. అది ఓడెక్కి, ఫ్యాక్టరీ దాటి, డబ్బాలోకి చేరేలోగా మరికొన్ని అన్యాయాలు తోడవుతాయి. ఆ డబ్బా కొన్నవాడు డబ్బిచ్చి చేతులు దులుపుకుంటే కుదరదు, వాటన్నిటిలో అతనికీ వాటా ఉంది అని ఆయన వాదం. కొనడం కూడా ధర్మాధర్మాలున్న పనే అని అంత సూటిగా చెప్పిన ఆర్థికవేత్త మన దేశంలో అప్పటికి మరొకరు కనిపించరు.

ఆయన 1892లో తంజావూరులో పుట్టారు. లండన్‌లో అకౌంటెన్సీ, అమెరికాలో ఆర్థికశాస్త్రం చదివారు. 1929లో గాంధీజీని కలిశాక జీవితం మరో దారి పట్టింది. 1934లో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘాన్ని వార్ధాలోని మగన్‌వాడీ నుంచి నడిపారు. జైల్లో ఉండగా ‘ఎకానమీ ఆఫ్ పర్మనెన్స్’ రాశారు. 1960 జనవరి 30న, గాంధీజీ వర్ధంతి నాడే, కన్నుమూశారు. కృష్ణా పడమటి డెల్టాలోని రేపల్లె ప్రాంతానికి ఆయన నడిచిన బాట కొత్త కాదు. కావూరులోని వినయాశ్రమం ఆ గాంధేయ నిర్మాణ కార్యక్రమాల నుంచే పుట్టింది.

కుమారప్ప సంపదను రెండు రకాలుగా చూశారు. ఒకటి ఏటేటా పండేది, తిరిగి పుట్టేది. రెండోది నేల అడుగున నిలవ ఉన్న బొగ్గు, పెట్రోలు, ఖనిజాలు. తీసిన కొద్దీ తరిగిపోయేది. ఈ రెండో దాని మీద ఆధారపడ్డ బతుకు నిలవదని ఆయన హెచ్చరించారు. ఇవాళ పిల్లవాడు అయిదు రూపాయలిచ్చి చిప్స్ ప్యాకెట్ కొన్నప్పుడు లోపలి బంగాళాదుంప మొదటి రకం, పైన మెరిసే కవరు రెండో రకం. తినేది రెండు నిమిషాల్లో అయిపోతుంది. కవరు మాత్రం ఆ పిల్లవాడి మనవల కాలానికీ ఎక్కడో ఒకచోట ఉంటుంది.

ఎక్కడ ఉంటుందన్నది తెనాలి, రేపల్లె, బాపట్ల ఊళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టాక పడమటి డెల్టాకు కాలువలు వచ్చాయి. తూర్పు కాలువ, నిజాంపట్నం కాలువ, పడమటి కాలువ తెనాలి ఊళ్లోంచే పారతాయి. ‘ఆంధ్రా పారిస్’ అనే పేరు ఆ ఊరికి స్థిరపడటంలో ఈ కాలువలదీ భాగమే. అవే నీళ్లు కిందికి పోయి పొలాలు తడుపుతాయి, సముద్రం దగ్గరి పల్లెల్లో మంచినీళ్ల చెరువులు నింపుతాయి. అందుకే తెనాలి వంతెన మీంచి ఒకరు విసిరిన సంచీ తెనాలి సంగతిగా ఆగిపోదు. ఎండాకాలంలో కాలువలు కట్టేసినప్పుడు అడుగు బయటపడుతుంది. అప్పుడు వంతెన మీద ఒక్క పది నిమిషాలు నిలబడి చూడాలి. పాల కవర్లు, నీళ్ల సీసాలు, షాంపూ ప్యాకెట్లు, వినాయకుడి విగ్రహం లోపలి ఊచలు, ముడి కూడా విప్పకుండా కవరుతో సహా పారేసిన పూజ పూలు కనబడతాయి. పూలను నీళ్లలో కలపాలన్నది భక్తి. కవరును కూడా కలపమని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

ఈ విషయం పిల్లలకు నేర్పడం లేదా అంటే, నేర్పుతూనే ఉన్నారు. ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో 1991 నవంబరు 22న సుప్రీంకోర్టు పర్యావరణాన్ని తప్పనిసరి పాఠం చేయాలంది. 2001లో నేషనల్ గ్రీన్ కోర్ పేరిట బడుల్లో ఎకో క్లబ్బులు మొదలయ్యాయి. డిగ్రీ చదివే ప్రతి విద్యార్థికీ పర్యావరణ అధ్యయనం ఒక సబ్జెక్టుగా వచ్చింది. ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు నడుస్తున్నాయి. ఓజోన్ పొర గురించి పదో తరగతి పిల్ల గడగడా చెబుతుంది. సాయంత్రం కొట్టుకెళ్లి పావుకిలో వంకాయలకు ఒక కవరు, నాలుగు పచ్చిమిరపకాయలకు ఒక కవరు, కొత్తిమీర కట్టకు ఇంకొకటి తెచ్చుకుంటుంది. ఇందులో ఆ పిల్ల తప్పేమీ లేదు. పాఠానికీ పచారీ కొట్టుకూ మధ్య ఎవరూ దారి వేయలేదు. అంతకన్నా బాధ కలిగించేది మరొకటుంది. పర్యావరణ దినోత్సవం నాడు ‘భూమిని కాపాడండి’ అనే నమూనా చేయడానికి పిల్లలు బజారు నుంచి థర్మోకోల్ అట్ట కొని తెస్తారు. అలంకరణకు వాడే థర్మోకోల్‌ను 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. ఆ రోజు నుంచి ఆగిపోవాల్సిన వస్తువుల జాబితాలో ప్లాస్టిక్ స్పూన్లు, గ్లాసులు, స్ట్రాలు, స్వీటు పెట్టెల మీద చుట్టే పొర కూడా ఉన్నాయి.

ఈ ఉపన్యాసం చెప్పదలచుకున్నది ఒక్కటే. చెత్త గురించిన చదువు చెత్తబుట్ట దగ్గర మొదలైతే అప్పటికే ఆలస్యమైపోయినట్టు. అది కొట్టు గుమ్మం దగ్గర, చేతిలో డబ్బు ఉండగానే మొదలవ్వాలి.

అయితే దానికి ముందు పిల్లల్ని ఒకసారి పాత సామాన్ల కొట్టుకు తీసుకెళ్లాలి. ప్రతి ఊళ్లోనూ ఉంటుంది ఆ కొట్టు. బయట అట్టపెట్టెల కట్టలు, లోపల ఇనుము, ఒక మూల సీసాలు, మధ్యలో కాటా. యజమానిని అడిగితే చాలు, ఏది తీసుకుంటాడో ఏది తీసుకోడో తడుముకోకుండా చెబుతాడు. న్యూస్‌పేపరు తీసుకుంటాడు. అట్ట తీసుకుంటాడు, తడిసి ఉంటే తూకం తగ్గిస్తాడు. రాగి, ఇత్తడి, అల్యూమినియం అంటే సంతోషమే. నీళ్ల సీసా తీసుకుంటాడు. కడిగి ఆరబెట్టిన పాల కవర్లకూ ఎంతో కొంత ధర కడతాడు. చిప్స్ కవరు, షాంపూ ప్యాకెట్, కాగితం టీ గ్లాసు చూపిస్తే చేయి అడ్డంగా ఊపుతాడు. ఎందుకంటే చిప్స్ కవరు ఒక వస్తువు కాదు. పలచటి ప్లాస్టిక్ పొరలూ లోహపు పూతా కలిపి అతికించిన ముద్ద. విడదీయాలంటే అయ్యే ఖర్చు వచ్చే ధరకన్నా ఎక్కువ. కాగితం గ్లాసు లోపలా ప్లాస్టిక్ పొరే ఉంటుంది. 2020లో ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు అలాంటి గ్లాసులో 100 మిల్లీలీటర్ల వేడి ద్రవాన్ని 15 నిమిషాలు ఉంచితే దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు అందులోకి దిగాయని తేల్చారు.

ఆ కాటా దగ్గర నేర్చుకున్నది ఏ పాఠ్యపుస్తకమూ అంత తేలిగ్గా నేర్పలేదు. పాత సామాన్ల కొట్టువాడు వద్దన్న వస్తువును కొనే ముందు ఒకసారి ఆలోచించాలి. ఎనిమిదేళ్ల పిల్లకు కూడా ఇది అర్థమవుతుంది.

కొట్టువాడు కొన్న ఇనుము ఏమవుతుందో చూపడానికీ తెనాలి వాళ్లు దూరం పోనక్కర్లేదు. శిల్పి కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర తమ సూర్య శిల్పశాలలో వాహనాల పాత విడిభాగాలు, గొలుసులు, పళ్ల చక్రాలు అతికి విగ్రహాలు చేస్తారు. సుమారు 75,000 ఇనుప నట్లతో వాళ్లు చేసిన పదడుగుల గాంధీ విగ్రహం దేశమంతా వార్తల్లోకెక్కింది. పిల్లలకు అది చూపించాలి, చూపించి ఒక మాట కలపాలి. ఆ నట్టుకు విలువ ఉంది కాబట్టే అది ఏరుకునేవాడి చేతి నుంచి కొట్టుకు, కొట్టు నుంచి శిల్పి చేతికి చేరింది. షాంపూ ప్యాకెట్‌కు ఆ యోగం లేదు.

షాంపూ ప్యాకెట్ చరిత్ర కూడా పిల్లలు తెలుసుకోదగ్గదే. తమిళనాడు కడలూరుకు చెందిన చిన్నికృష్ణన్ చిన్న పొట్లాల్లో సరుకు అమ్మే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. ఆయన కొడుకు సి.కె. రంగనాథన్ చిక్ షాంపూతో దాన్ని పల్లెపల్లెకూ చేర్చారు. అంతవరకు పెద్ద సీసా కొనే స్తోమత లేని ఇళ్లకు షాంపూ అందింది, అది మంచే. ఇవాళ ఆ పద్ధతి కాఫీపొడి నుంచి నూనె దాకా పాకింది. ఇక్కడ ఉపాధ్యాయులు జాగ్రత్తగా ఉండాలి. రోజు కూలీ మీద బతికే ఇంట్లో రూపాయి ప్యాకెట్ కొనేది ఆ రోజు చేతిలో ఉన్నది అంతే గనక. ఆ ఇంటి పిల్లను క్లాసులో నిలబెట్టి ‘మీ అమ్మ భూమిని పాడుచేస్తోంది’ అనిపించేలా మాట్లాడటం అన్యాయం. అడగాల్సింది ఆ ప్యాకెట్ తయారుచేసినవాణ్ని. కుమారప్ప కూడా కొనేవాడి బాధ్యతను గుర్తుచేశారే తప్ప, తయారీదారును వదిలిపెట్టలేదు.

పాల ప్యాకెట్ సంగతి వేరు. అది ధనికా పేదా తేడా లేకుండా అన్ని ఇళ్లకూ వస్తుంది. వడ్లమూడి సంగం డెయిరీ పక్కనే ఉన్న ప్రాంతం కనుక దాని గురించి ఇక్కడ మాట్లాడటం సులువు. పొద్దున్నే కత్తెరతో మూల కత్తిరిస్తారు. గోరంత ముక్క సింకులో పడుతుంది, తూములోంచి కాలువలోకి పోతుంది. కవరునైనా కొట్టువాడు కొంటాడు గానీ, ఆ ముక్కను ప్రపంచంలో ఎవరూ ఏరలేరు. మూలను పూర్తిగా తెగనీయకుండా, ఒక అంచు అతుక్కుని ఉండేలా కత్తిరిస్తే సరిపోతుంది. పాలు అలాగే వస్తాయి, ముక్క కవరుతోనే ఉంటుంది. ఖాళీ కవర్లో కాసిన్ని నీళ్లు పోసి కుదిపి, ఆ నీళ్లు కుండీలోని మొక్కకు పోసి, కవరును తాడుకు ఆరబెట్టాలి. ఈ పని బడిలో ఒక్కసారి చేసి చూపిస్తే పిల్లలు ఇంటికెళ్లి పెద్దలకు నేర్పుతారు.

సంచీ గురించి అందరూ చెబుతారు కనుక ఇక్కడ రెండు మెలికలే. బట్టల కొట్లలో ఇచ్చే మెత్తటి రంగురంగుల సంచీ గుడ్డది అనుకుంటారు చాలామంది. దాన్ని వెలుతురుకు పెట్టి చూస్తే పడుగూ పేకా కనిపించవు, అంచు దగ్గర లాగితే నూలుపోగు రాదు. అది పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్కే. చదరపు మీటరుకు 60 గ్రాముల కన్నా పలచనివాటిని 2021 సెప్టెంబరు 30 నుంచే నిషేధించారు. మామూలు ప్లాస్టిక్ క్యారీబ్యాగు మందం 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు తగ్గకూడదు. ఆ అంకె, తయారీదారు పేరు సంచీ మీదే అచ్చేయాలి. అచ్చు ఉందో లేదో చూడటం ఆరో తరగతి పిల్లలు చేయగల పని. రెండో మెలిక ఇంతకన్నా ముఖ్యం. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, ఒక్కసారి వాడి పారేసే పలచటి ప్లాస్టిక్ సంచీతో పోలిస్తే కొత్త నూలు సంచీ వాతావరణం మీద మోపే బరువు తీరాలంటే దాన్ని 131 సార్లు వాడాలి. అందుకని పర్యావరణం పేరు చెప్పి సభసభకూ కొత్త గుడ్డ సంచులు పంచిపెట్టడం మేలు కన్నా కీడే చేయవచ్చు. అమ్మ పాత చీర, నాన్న పాత ప్యాంటు సంచీగా కుట్టుకుంటే నేతకు మళ్లీ నీళ్లూ దూదీ ఖర్చుకావు. బడిలో క్రాఫ్టు పీరియడ్ ఇంకా బతికి ఉన్నచోట ఇదే మొదటి పాఠం కావాలి.

తెనాలి చుట్టూ కొల్లిపర, కొల్లూరు పక్క కృష్ణ ఒడ్డున అరటి తోటలున్నాయి. పది మైళ్ల లోపు పెరిగే ఆకు, తిన్నాక పశువుకో పెంటకుప్పకో పోయే ఆకు. అదే ప్రాంతంలో పెళ్లి బఫేల్లో, టిఫిన్ బండ్ల దగ్గర పళ్లేల మీద పరుస్తున్నది అరటాకు బొమ్మ అచ్చేసి, ప్లాస్టిక్ పూత పూసిన కాగితం! అసలు ఆకు అమ్ముకునే రైతు పక్కనే ఉండగా దాని బొమ్మను కొంటున్నాం. వేడి ఇడ్లీ కింద కవరు పరిచే అలవాటూ అంతే. 2025 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం ఇడ్లీల తయారీలో ప్లాస్టిక్ షీట్లను నిషేధించింది, వేడికి అందులోని హానికర పదార్థాలు తిండిలోకి దిగుతున్నాయన్న పరీక్షల మీద. ఇక్కడ ఆదేశం వచ్చేదాకా ఆగక్కర్లేదు. ‘బాబాయ్, నాకు స్టీలు పళ్లెంలో కవరు లేకుండా పెట్టు’ అని కాలేజీ కుర్రాడు అడిగితే కాదనే బండివాడు ఉండడు. పదిమంది అడిగితే కవర్ల ఖర్చు తనకే మిగులుతుందని అతనికీ తెలుస్తుంది.

తిరిగిచ్చే సీసా కూడా మనకు తెలిసిందే. 1872లో హైరమ్ కాడ్ అనే ఆంగ్లేయుడు పేటెంటు పొందిన గోలీ సీసా మన ఊళ్లలో తరాల తరబడి సోడాబండి మీద తిరిగింది. తాగేవాడు డబ్బిచ్చి కొన్నది సోడానే, సీసా ఎప్పుడూ బండివాడిదే. జర్మనీలో 2003 నుంచి వాడి పారేసే సీసా మీద 25 సెంట్లు డిపాజిట్ కట్టించుకుని, తిరిగిస్తే వెనక్కిస్తున్నారు. తమిళనాడులో మద్యం సీసాలకు పది రూపాయల డిపాజిట్ పద్ధతి 2022లో నీలగిరిలో మొదలై ఇతర జిల్లాలకు వెళ్లింది. సోడాబండి మీద నడిచిన ఏర్పాటు కాలేజీ క్యాంటీన్లో నడవకపోవడానికి కారణం కనబడదు.

బాపట్లకు ఈ విషయంలో ప్రత్యేకమైన బలం ఉంది. 1945లో పెట్టిన వ్యవసాయ కళాశాల ఉంది, ఆహార విజ్ఞాన సాంకేతిక కళాశాల ఉంది, హాస్టళ్ల నిండా పిల్లలున్నారు. ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల తిండి పారబోతకు పోయింది. భారతీయ ఇళ్లలో అది తలకు ఏడాదికి 55 కిలోలు. ఊళ్ల చెత్తలో సగం దాకా తడిచెత్తే. ఎరువు ఎలా కుళ్లించాలో పరీక్షల్లో రాసే విద్యార్థులు తమ హాస్టల్ మెస్ వెనక గుంటలో చేసి చూపితే, పక్క హైస్కూలు పిల్లలు వచ్చి చూసి పోతారు. బాపట్ల పక్కనే ఉన్న సూర్యలంక తీరానికి జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీశాఖ ఆ గుడ్లను ఏరి సంరక్షణ కేంద్రాల్లో పొదిగించి పిల్లల్ని సముద్రంలో వదులుతుంది. నీళ్లలో తేలే కవరు తాబేలు కంటికి జెల్లీఫిష్‌లా కనబడుతుంది. అది మింగితే ప్రాణం పోవచ్చు. ఆదివారం సూర్యలంక వెళ్లే పిల్లలకు ఈ రెండు ముక్కలు బస్సులోనే చెప్పాలి.

పెద్ద మార్పు సాధ్యమేనా అన్న సందేహానికి సూర్యాపేట ఉంది. 2003 నాటికే మున్సిపల్ కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ ఆధ్వర్యంలో ఆ ఊళ్లో వీధి చెత్తకుండీలు పోయాయి. ఇంటింటికీ వెళ్లి తడి, పొడి వేరుగా తీసుకుని, ఒకదాన్ని ఎరువు చేసి, రెండోదాన్ని అమ్మారు. జపాన్‌లోని కమికాట్సు అనే కొండ ఊరు అదే 2003లో చెత్త లేని ఊరు కావాలని తీర్మానించుకుంది. అక్కడి జనం చెత్తను 45 రకాలుగా వేరుచేస్తారు. సూర్యాపేట రెండు రకాలతోనే మొదలుపెట్టింది. మనకూ అదే అందుబాటులో ఉన్న మెట్టు.

కుమారప్ప అకౌంటెంటు. ఆయన పేరు మీద పిల్లలకు ఇవ్వదగ్గ పని కూడా పద్దు రాయడమే. ఒక వారం పాటు ఇంట్లోకి వచ్చిన ప్రతి కవరు, డబ్బా, సీసా ఒక నోటుబుక్కులో రాయాలి. ఒక గడిలో కొన్నది, పక్క గడిలో మిగిలింది, మూడో గడిలో పాత సామాన్ల కొట్టువాడు తీసుకుంటాడా లేదా అన్నది. చివర కంపెనీ పేరు. వారం తర్వాత క్లాసంతా కూడితే ఏ కంపెనీ కవర్లు ఎన్ని వచ్చాయో తేలుతుంది. 2022 ఫిబ్రవరి 16న కేంద్రం విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం తమ ప్యాకింగ్ ప్లాస్టిక్‌ను వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదీ, బ్రాండు యజమానులదీ. కాబట్టి ఆ లెక్కకు విలువ ఉంది. మూడు ప్రతులు రాయించాలి. ఒకటి ఎక్కువ కవర్లు వచ్చిన కంపెనీ వినియోగదారుల విభాగానికి, చిరునామా ప్యాకెట్ మీదే ఉంటుంది. ఇంకొకటి మున్సిపల్ కమిషనరుకు. మూడోది బడి నోటీసు బోర్డు మీద, మరుసటి ఏడాది అదే తరగతి పిల్లలు తమ అంకెలతో పోల్చుకునేందుకు.